కొలత కాని సాక్షి

"బాపమ్మా, రేపు నువ్వు పాటిగడ్డ దిక్కు రాకు. వచ్చినా మాట్లాడకు. మాట్లాడినా, గా మట్టి మనమే మోసినమని మాత్రం ఎవ్వలకు చెప్పకు" అంది ప్రవళిక.

ఒకదాని మీద ఒకటి మూడు తాళాలు. పోశవ్వ నోటికి తాళం వేయాలని చూసినవాళ్లు ఆమె అరవై ఎనిమిదేళ్ల బతుకులో తక్కువేమీ కాదు. అత్త చూసింది, మొగుడు చూశాడు, ముగ్గురు సర్పంచులు చూశారు. ఎవరి వల్లా కాలేదు. కానీ అడిగింది మనవరాలు. "సరేనే" అంది. అని, చేటలో బియ్యం ఏరుతూ రాళ్లను ఉంచి బియ్యాన్ని అవతలికి విసిరింది. కోడలు జమున చూసి, "ఏందత్తా, కోళ్లకు పండుగ చేస్తున్నవా?" అని నవ్వింది.

ఏటిపల్లి పక్కన, గోదావరి ఒడ్డున, ఒకప్పుడు పెద్ద దిబ్బ ఉండేది. దాన్నే పాటిగడ్డ అనేవారు. ఆ మన్ను నల్లగా, మెత్తగా, బూడిద కలిపినట్టు ఉండేది. చేనులో చల్లితే పంట విరగకాసేది. అందుకని ఎండాకాలం వస్తే చాలు, చుట్టుపక్కల ఊళ్ల బండ్లన్నీ పాటిగడ్డకే వచ్చేవి. తాతలు తవ్వారు, తండ్రులు తవ్వారు. పోశవ్వ కాపురానికి వచ్చాక ఆమె మొగుడు ఐలయ్య తవ్వితే ఆమె గంపలతో మోసింది. దిబ్బ తరిగి తరిగి నేలమట్టమై, ఆఖరికి గుంట అయింది. ఇప్పుడు ఆ గుంటంతా పత్తిచేలు.

ప్రవళిక కరీంనగర్‌లో డిగ్రీ ఆఖరు సంవత్సరం, చరిత్ర చదువుతోంది. తండ్రి కరుణాకర్ మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. పాటిగడ్డలంటే పాతకాలపు నగరాలు మట్టయిపోయిన చోట్లని పాఠంలో విన్ననాడు ఆ పిల్లకు ఒళ్లు జలదరించింది. అంతటితో ఊరుకుందా? "మా ఊళ్లె రెండువేల ఏండ్ల నగరం ఉన్నది" అని మూడేళ్లు తరగతి నిండా కోతలు కోసింది. ఎవరు ఏ కోట గురించి చెప్పినా, "మా నగరం ముందట గదెంత" అనేది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు కూడా దాని మీదే రాస్తానంది. "అయితే ఈసారి టూర్‌లో మొదలు మీ నగరమే చూద్దాం" అన్నాడు విద్యాధర్ సారు. అప్పుడు పిల్ల గుండె జారింది. ఉన్నది గుంట. ఆ గుంట చేసినవాళ్లు సొంత తాత, సొంత బాపమ్మ.

నగరం, నగరం అని మనవరాలు అంటుంటే పోశవ్వకు కరీంనగర్ బస్టాండే కళ్ల ముందు కనిపించేది. తాను మోసింది మన్ను. అందులో నగరం ఎక్కడిది? ఆమెకు అర్థమైంది ఒక్కటే. రేపు పిల్ల మాట పోబోతోంది, దానికి తన చేతులే కారణం.

మర్నాడు పొద్దున పోశవ్వ పాటిగడ్డకు పోలేదు. తన చేనుకు పోయింది. చేను పాటిగడ్డ గుంటలోనే ఉంటే అది ఆమె తప్పా? పత్తి ఏరడం అయిపోయి కట్టె పీకుతున్న మాఘమాసం రోజులు. ఒక మూల కూర్చుని, పీకిన పత్తికట్టెను మోపు కడుతూ బాటకేసి చూస్తోంది.

తొమ్మిదిన్నరకు బస్సు వచ్చింది. నలభై మంది పిల్లలు దిగారు. వాళ్ల వెనక సన్నగా, పొడుగ్గా, భుజాన గుడ్డసంచీతో విద్యాధర్ సారు దిగాడు. ఆయనది భైంసా దిక్కు. నోట్లో తెలుగు, మరాఠీ అన్నదమ్ముల్లా కలిసి ఉంటాయి. బస్సు డ్రైవరు దిగనే లేదు. "పన్నెండు లోపల ధర్మపురి దర్శనం కావాల్నంటే గంట కన్న ఎక్కువ ఆగేది లేదు" అని కిటికీలోంచే శాసనం చదివాడు.

పిల్లలు గట్టు మీద వరసగా నిలబడి చూశారు. బీడుగా పడి ఉన్న చేలు, కుప్పలు పోసిన పత్తికట్టె, ఒక మూల రేకుల కప్పు కింద పసుపు పూసిన పోచమ్మ దిమ్మె, ఆ అవతల ఇసుక మేటల మధ్య గోదావరి. అంతే.

"ఏదే నగరం?" అని అడిగింది ప్రవళిక దోస్తు కోమల.

"గిదే."

"గిదే అంటే?"

"గిదేనే... కింద ఉండె."

"గట్లయితే మా ఊరి చెల్క కింద బొంబాయి ఉన్నది" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ పగలబడి నవ్వారు. ప్రవళిక కూడా నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఇక్కడ చెట్టే లేదు, మందు మాట దేవుడెరుగు.

పోశవ్వ లేచి నాలుగు మాటలు అందామనుకుంది. మూడు తాళాలు గుర్తుకొచ్చి మళ్లీ కట్టెమోపు మీద పడింది.

పిల్లల్లో సగం మంది ఫొటోలు దిగి బస్సుకేసి తిరిగారు. మిగిలిన సగాన్ని విద్యాధర్ సారు గుంటలోకి దింపి, వంగి, పిడికెడు మన్ను తీశాడు. పోశవ్వ ఆయనకు పది బారల దూరంలో ఉంది. ప్రతి మాటా వినపడుతోంది.

"నగరం ఒక్కనాడు కట్టింది కాదు. ఒక ఇల్లు కూలితే దాని మీదనే ఇంకొకటి కట్టిండ్రు. పొయ్యిల బూడిద, పెంట, పగిలిన కుండలు, కూలిన గోడలు, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి నేల లేచింది. తరాల మీద తరాలు గట్ల బతికిండ్రు. మీరు పాటిమన్ను అంటరు చూడు, ఆ నలుపు మన్నుది కాదు. మనుషులు బతికిన నలుపు. అందుకే గంత పంట."

పోశవ్వ చేతిలో కట్టె జారింది.

పొయ్యి బూడిద. ఔను, గంపలో బూడిద కండ్లల్లో పడేది. పగిలిన కుండలు. ఔను, చిల్లపెంకులు కాళ్లకు గుచ్చుకుని రక్తం కారేది. కాని అది ఎవరో కడిగి బోర్లించిన కుండని, ఆ బూడిద ఎవరో ఇంత వండుకు తిన్న పొయ్యిలోదని ఆమెకు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తోచలేదు. మన్నంటే మన్నే అనుకుంది. కూర్చున్న చోట నేల ఒక్కసారి కదిలినట్టనిపించి, అరచేతిని మట్టికి ఆనించి పట్టుకుంది.

"తవ్వినోళ్లది తప్పు కాదు" అంటున్నాడు సారు. "వాళ్లకు చెప్పినోడు లేడు. కాని పోయింది పోయింది. ఏ వస్తువు ఏ పొరల ఉన్నదో తెలిస్తెనే అది చరిత్ర. కలిసిపోతే ఉట్టి పెంకులు. ఒక్క జాగల, ఒక్క గజం వెడల్పు, తవ్వకుండ నిలువుగ మిగిలినా చాలు, పుస్తకం లెక్క చదువుకోవచ్చు. ఇక్కడ అది గూడ లేదు. పరేషాన్ కాకు ప్రవళికా. ప్రాజెక్టుకు వేరే ఊరు చూసుకుందాం."

ప్రవళిక తల ఊపింది. ఆ ఊపడంలోనే కన్నీళ్లు రాలాయి. తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడి అలాగే నిలబడింది.

తవ్వకుండ నిలువుగ మిగిలింది. పోశవ్వ తల దానంతటదే తూర్పు మూలకు తిరిగింది. అక్కడ రేకుల కప్పు కింద, పసుపు పూసుకుని, వేపమండలు కట్టుకుని, మనిషెత్తు మీద ఇంకా ఎత్తున దిమ్మె పోచమ్మ నిలబడి ఉంది.

ఊరందరికీ అది పోచమ్మ. పోశవ్వ ఒక్కదానికే అది సాక్షి.

మన్ను తవ్వేవాళ్ల పద్ధతి ఒకటి ఉంది. ఎంత లోతు తవ్వారో చెప్పడానికి మధ్యలో ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. చుట్టూ నేల దిగిపోతుంది, దిమ్మె మాత్రం పాత నేల ఎత్తునే నిలబడి ఉంటుంది. దాన్ని సాక్షి అంటారు. కొలత అయ్యేదాకా సాక్షి మీద దెబ్బ పడకూడదు. కొలత అయ్యాక పడగొట్టేస్తారు. ఐలయ్య ఆ గుంపుకు పెద్ద. సాక్షి నుంచి ఇన్ని అడుగులు నీవి, ఇన్ని అడుగులు వానివి అని పని పంచేవాడు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట, ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. కొలవకుండానే పని ఆగింది. "ఏడడుగులు తవ్వినం పోశీ. పై ఎండాకాలం కొలిపిద్దాం. అప్పటిదాక సాక్షిని ఎవ్వల్ని ముట్టనియ్యకు" అన్నాడు. పై ఎండాకాలానికి ఐలయ్య లేడు, కామెర్లకు పోయాడు. పాటిమన్ను అడిగేవాళ్లూ లేరు, ఊళ్లోకి యూరియా సంచులు దిగాయి. కొలిచే మనిషి రానే లేదు. దిమ్మె మిగిలింది.

తర్వాత ఒకసారి చేలు చదును చేయడానికి ట్రాక్టరు వచ్చింది. ఆ తెల్లవారుజామున పోశవ్వ దిమ్మెకు పెండమట్టి అలికి, పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపమండ చెక్కింది. "నా కలలకు వచ్చింది, ఈడ పోచమ్మ ఉన్నదట" అని ఊరికి చెప్పింది. ట్రాక్టరు డ్రైవరు దండం పెట్టి పక్క నుంచి పోయాడు. అప్పటి నుంచి ఏటా వానలకు ముందు ఆమె అలుకుతుంది, అలికినప్పుడల్లా చెవులు పట్టుకుంటుంది. "తల్లీ, నీ పేరు వాడుకున్న. ఏమనుకోకు." ఆ మీద ఊరు ఆగుతుందా? పక్క చేను వెంకటి మొక్కుకుంటే బోరు పడింది, వాడు రేకుల కప్పు వేయించాడు. ఏడాదికో కోడి, కొబ్బరికాయలు, నిమ్మకాయలు. మొగుడు చేసిన పనికి లోకంలో మిగిలిన గుర్తు అదొక్కటే. దాన్ని కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం ఆమెకంటే పెద్దదైపోయింది.

ఇప్పుడు ఆ అలుకు గీకితే అబద్ధం బయటపడుతుంది, ఊరు మొహాన ఉమ్ముతుంది. గీకకపోతే బస్సు పోతుంది. ఆ పిల్ల జీవితాంతం తన ఊరి పేరు చెప్పడానికి తల దించుకుంటుంది.

పోశవ్వ లేచింది. కొంగు బిగించి, కొడవలి తీసుకుని దిమ్మె దగ్గరికి నడిచింది. నిమ్మకాయల దండ తీసి పక్కన పెట్టింది. "తల్లీ, ఇయ్యాలతోటి నీ బాకీ తీరింది. ఇగ నువ్వు మీ ఇంటికి పో" అని చెవులు పట్టుకుని, కొడవలి మొనతో పైనుంచి కిందికి ఒక్క గీత గీసింది. ఇన్నేళ్ల అలుకు అట్టలు అట్టలుగా ఊడింది.

"సారూ! జర గిటు రా!"

విద్యాధర్ సారు తిరిగి చూశాడు. ఆయన కన్నా ముందు ఉరికొచ్చింది వెంకటి. పక్క చేనులోంచి చేతులూపుకుంటూ వచ్చి, "పోశక్కా! నీకేమన్న దయ్యం పట్టిందా? అమ్మవారి మీద కొడవలి పెడ్తవా!" అని అరిచాడు.

"పోచమ్మ కాదు వెంకటీ. సాక్షి. మా ఆయన ఇడిసిపెట్టిన సాక్షి. ట్రాక్టరోడు కొట్టేస్తడని నేనే పసుపు రాసిన."

వెంకటి నోరు తెరిచాడు. "గట్లయితే నేను ఇరవై ఏండ్ల సంది కోసిన కోళ్లు?"

"నువ్వే తిన్నవు గదరా."

వెంకటి కూలబడ్డాడు. "మరి నాకు బోరెట్ల పడ్డది" అని తనలో తాను గొణుక్కున్నాడు. ఆమె గీకుతూనే ఉంది.

విద్యాధర్ సారు వచ్చి చూశాడు. సంచీ భుజం మీంచి జారి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. "అరె బాప్‌రే" అన్నాడు మెల్లగా. మెల్లగానే, "అవ్వా, ఆగు. ఇనుము వద్దు" అని ఆమె చేతిలో కొడవలి తీసుకుని, తన చేతి రుమాలుతో మన్ను దులపసాగాడు. "నీళ్లు! ఎవరి దగ్గరున్నా నీళ్ల బాటిళ్లు తేండ్రి! పొయ్యద్దు, చల్లాలె!"

కోమల బాటిలు మూతకు పిన్నీసుతో బొక్కలు పొడిచి ఇచ్చింది. నీళ్లు చిలకరించేసరికి దిమ్మెకు ప్రాణం వచ్చినట్టయింది. ఎండి ఒకే రంగుగా ఉన్న మన్ను తడి తగలగానే పొరలు పొరలుగా విడిపోయింది. పైన గడ్డివేళ్ల బూడిదరంగు. కింద ఎర్రటి గీత, ఇటుకలు. దాని కింద నల్లటి పట్టీ, బొగ్గు. మళ్లీ తెల్లటి సన్నని గీత, కొట్టి కొట్టి గట్టిపరచిన ఇంటి నేల. ఆ నేల మీద బోర్లాపడిన సగం మూకుడు. మళ్లీ బూడిద, మళ్లీ నేల, మళ్లీ గోడ. అట్టడుగున పచ్చటి గోదావరి ఒండు, అందులో ఒక్క పెంకు కూడా లేదు. మనిషి అక్కడ అడుగు పెట్టకముందటి మన్ను అది.

నవ్విన పిల్లలు నవ్వు మరిచిపోయారు. బస్సెక్కినవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఎవరూ ఫోను తీయలేదు కాసేపు. బొంబాయి అన్నవాడు చెప్పులు విడిచి దూరంగా పెట్టాడు. ఎందుకు విడిచాడో వాడికే తెలియదు.

"గీ ఇటుక చూడుండ్రి" అంది పోశవ్వ. ఇటుక మొహం మీద నాలుగు వేళ్ల గీతలున్నాయి. "పచ్చిగున్నప్పుడు వేళ్లతోటి గీసిండ్రు. మీద మెత్తిన మట్టి పట్టాలని. మేం గూడ గోడ పెట్టినప్పుడు గిట్లనే గీస్తం." తన నాలుగు వేళ్లు ఆ గీతలకు ఎదురుగా గాలిలో ఉంచింది. తాకలేదు. తాకాలంటే భయం వేసింది. ఆ చేయి ఎవరిదో, ఎన్ని వందల ఏళ్ల కిందటిదో, దాని పక్కన తన చేయి. అదే పని, అవే వేళ్లు.

"సారూ, ఒక్క జానెడు మన్ను లేవాలంటె ఎన్నేండ్లు పడ్తది?"

"ఖాయంగ చెప్పలేం అవ్వా. యాభై పట్టొచ్చు, నూరు పట్టొచ్చు."

పోశవ్వ దిమ్మె మీద జానలు లెక్కపెట్టింది. "మేం ఒక్క పొద్దుకు రెండు జానల లోతు దిగేటోళ్లం." "అంటె... పొద్దున సద్ది తిని గంప ఎత్తితె, పొద్దుగూకేటాల్లకు రెండువందల ఏండ్లు నా నెత్తి మీదికెల్లి పోయినయా?"

ఆమె తల తడుముకుంది, గంప కింద చుట్టబట్ట పెట్టుకునే చోట. ఇన్నాళ్లూ అక్కడ నొప్పి ఉందనే తెలుసు, ఏం మోస్తే వచ్చిందో ఇవాళ తెలిసింది.

"అవ్వా, మేం అంటున్నవు. మేమంటె ఎవరు? ఈడ మన్ను తవ్వినోళ్లా?" అడిగాడు సారు.

పోశవ్వ నోరు తెరిచి, మనవరాలి మొహం చూసి, మూసుకుంది. చెప్పనని మాట ఇచ్చింది కదా, అప్పటికే నోరు జారింది. నలభై మంది పిల్లలూ ఆమెనే చూస్తున్నారు. ఊళ్లో ఎవడికీ లొంగని నోరు, ఆ క్షణాన కుట్టేసినట్టు ఉండిపోయింది.

"మేమే సార్" అంది ప్రవళిక. కండ్లు తుడుచుకుని ముందుకు వచ్చి బాపమ్మ పక్కన నిలబడింది. "మా తాత తవ్విండు. మా బాపమ్మ మోసింది. నగరాన్ని మేమే మోసుకపోయినం."

విద్యాధర్ సారు ఆ ఇద్దరి వైపు తిరిగాడు. "గట్లయితే, ఎక్కడేమున్నదో చూసిన కండ్లు ఇంకా ఉన్నయన్న మాట" అన్నాడు. "అవ్వా, గుర్తున్నదా? ఏది ఏ జాగల ఉండెనో?"

ఎందుకు గుర్తుండదు? పని పంచిందే సాక్షి నుంచి అడుగులు వేసి. పోశవ్వ దిమ్మెకు వీపు ఆనించి, పడమటికి తిరిగి నడవడం మొదలుపెట్టింది. "ఒకటి, రెండు, మూడు..." పదహారో అడుగు దగ్గర ఆగింది. "ఏయ్ పచ్చంగి పిలగా, ఈడ నిలబడు. ఈడ బావి. మట్టితోటి చేసి కాల్చిన గుండ్రటి వరలు, ఒకదాని మీద ఒకటి. మా ఆయన నడుమంత లోతు దిగిండు, అడుగు దొరకలే." ఇంకో తొమ్మిది అడుగులు వేసింది. "మీరు పదిమంది ఆడివిల్లలు ఈడికెల్లి గా గట్టు దాక నిలబడుండ్రి. గోడ. గోడకు గీ దిక్కున అర్ర. అర్ర మూలకు పొయ్యి. నువ్వు కూసో బిడ్డా, నువ్వే పొయ్యి."

కోమల పొయ్యి అయి కూర్చుంది. ఎవరూ నవ్వలేదు.

"ఈడ పూసలు దొరికినయి. ఎర్రటియి, రేగ్గింజంత. పిల్లల మొలతాడుకు కట్టుకున్నం. మా కరుణాకర్‌కు గూడ కట్టిన." అక్కడ ఇద్దరిని నిలబెట్టింది. "ఈడ ఇనుము కరగపోసిన చిట్టెం, గంపలు గంపలు. కమ్మరాయన ఇల్లయి ఉంటది." అక్కడ నలుగురు. "గీ రెండు గోడల నడుమ ఏం లేకుండె. పెంకులు తొక్కి తొక్కి రాయి లెక్క గట్టిగున్న నేల. గడ్డపార దిగకపోయేది. ఎందుకో మాకు సమజ్ కాలే."

"బాట" అన్నాడు విద్యాధర్ సారు. "అవ్వా, అది బాట."

డ్రైవరు హారన్ కొట్టాడు. కొట్టి కొట్టి విసిగి, ఏమిటో చూద్దామని దిగి వచ్చాడు. పోశవ్వ అతన్ని కూడా వదల్లేదు. "నువ్వు గాడ నిలబడయ్యా. మూలకు మనిషి తక్కువైండు." అతను తాళం చెవి వేలికి తిప్పుకుంటూ పోయి, ఎవరిదో ఇంటికి ఈశాన్య మూలై నిలబడ్డాడు. వెంకటి కూడా లేచి, చెప్పకుండానే పోయి గోడలో కలిశాడు.

అప్పుడు ప్రవళిక బాపమ్మ చెయ్యి పట్టుకుని గట్టు మీదికి ఎక్కించింది. పోశవ్వ తిరిగి చూసింది.

బీడు చేనులో నగరం నిలబడి ఉంది. రంగురంగుల బట్టల్లో గోడలు, గోడల మధ్య అర్రలు, అర్రల్లో పొయ్యిలు, బావి, బావి మీదుగా గోదావరి దాకా చక్కగా పోయిన బాట. బాట మీద ఎవరూ లేరు. లేకపోయినా ఎవరో కడవ ఎత్తుకుని నీళ్లకు పోతున్నట్టే ఉంది. గాలికి చున్నీలు ఎగిరాయి. ఒక ఇంట్లో బట్టలారేసినట్టు అనిపించి పోశవ్వకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. యాభై ఏళ్లు ఆ మన్ను మీదే తిరిగింది, దానిలో పండిందే తిన్నది, ఆ ఊరిని ఇవాళ మొదటిసారి చూస్తోంది.

"ఎంత చక్కగుండెనే" అంది. "ఎంత చక్కగుండెనో చూడే ప్రవళికా. తెలిస్తె ఒక్క గంప గూడ ఎత్తకపోదును." గట్టు మీద కూర్చుని బావురుమంది. ప్రవళిక ఆమె తలను తన పొట్టకు అదుముకుని నిలబడింది.

ధర్మపురి దర్శనం ఆ పూటకు తప్పిపోయింది. పిల్లలు మూడు దాకా అక్కడే ఉన్నారు. సారు ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి, అడుగులు లెక్కపెట్టి, కాగితం మీద గీసుకున్నాడు. ప్రవళిక బాపమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. జమున ఇంటి నుంచి అన్నం, చారు పంపింది. గోడలన్నీ కూర్చుని తిన్నాయి.

పోయే ముందు విద్యాధర్ సారు సంచీలోంచి టేపు తీశాడు. ఒక కొస ప్రవళిక చేతికిచ్చి దిమ్మె పైన పట్టమన్నాడు, రెండో కొస తాను కింద ఆనించాడు.

"ఏడడుగుల మూడంగుళాలు" అన్నాడు సారు.

"ఏడే అన్నడు మా ఆయన" అంది పోశవ్వ. "మూడంగుళాలు ఎక్కువనే తవ్విండు." ఆమె మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. పద్ధతి గుర్తుకొచ్చింది. కొలత అయ్యాక సాక్షిని ఉంచరు. దిమ్మె దగ్గరికి పోయి, బిడ్డ వీపు మీద వేసినట్టు దాని మీద చెయ్యి వేసింది. "ఇగ కొలత అయింది గద సారూ. సాక్షిని కొట్టెయ్యాల్నా?"

విద్యాధర్ సారు టేపు చుట్టడం ఆపాడు. మన్ను తవ్వేవాళ్ల పద్ధతి ఆయనకు తెలియదు. పొద్దటి నుంచి బాపమ్మ చెబుతుంటే రాసుకున్న ప్రవళిక ఆయన చెవిలో చెప్పింది. ఆయన విని, దిమ్మె ముందు మోకాళ్ల మీద కూర్చుని, అట్టడుగున ఉన్న మొదటి ఇంటి నేల గీతను వేలితో చూపించాడు.

"అయింది మీ పని కొలత అవ్వా. ఇండ్లు కట్టిన ఈళ్ల పని కొలత ఇంకా కాలే."

"ఎన్నొద్దులు పడ్తది?"

"ఏండ్లు పడ్తది. నా తోటి గాదు. నీ మనవరాలి తోటి గూడ అయితదో లేదో."

పోశవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. కొలత కాలేదని ముప్పై ఎనిమిదేళ్లు కుమిలింది ఆమే. ఇవాళ కొలత కాలేదన్న మాట వినగానే రెండు చేతులూ వాటంతటవే పైకి లేచి దండం పెట్టాయి. దిమ్మె దగ్గరి పసుపు గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడ్డ వెంకటి వైపు తిరిగింది.

"ఇన్నవారా వెంకటీ? కొలత కాలేదట. ఎవ్వల్ని ముట్టనియ్యకు."